నాన్న సీసాల పెట్టెను ఏం చేయాలి?

గోదావరి కాలువ పక్కన ఒక ఊరి నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆవిడ నాన్నగారు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది చనిపోయారు. ఆయన ముప్పై ఏళ్లు కూడబెట్టిన టేకు పెట్టె ఒకటి మేడ మీద గదిలో ఉంది. అరలు అరలుగా, ఒక్కో అరలో ఒక్కో మూలకం. ప్రతి సీసాకీ ఆయన చేత్తో తెలుగులో రాసిన చీటీ ఉంది: మూలకం పేరు, దాని గుర్తు, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క ముక్కలో. ఆయన పోయాక వాళ్లమ్మగారు రోజూ పొద్దున్నే పైకి వెళ్లి తడిగుడ్డతో ఆ సీసాలన్నీ తుడిచి, కాసేపు అక్కడే కూర్చుని దిగి వస్తున్నారు.

మొన్న ఆవిడ ఐదేళ్ల కూతురు అమ్మమ్మ వెంట పైకి వెళ్లి, "అమ్మా, వెండి గోళీలు" అంటూ గుప్పిట్లో పాదరసం తెచ్చి చూపించింది. వెళ్లి చూస్తే సీసా మూత బీటలు వారింది, గచ్చు పగుళ్లలో చిన్న చిన్న పూసలు మెరుస్తున్నాయి. భర్త హడలిపోయి, వచ్చే ఆదివారం పెట్టె మొత్తం కాలువలో కలిపేస్తానన్నారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య మాత్రం, "నాన్న వస్తువు మీద ఎవరూ చెయ్యి వేయొద్దు, సంవత్సరీకానికి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్తాను" అని ఫోన్‌లో గట్టిగా చెప్పారు. సంవత్సరీకానికి ఇంకా రెండు నెలల టైముంది. బాబాయిగారేమో, "ఆ పాదరసంతో లింగం చేయిస్తే మా అన్నయ్య పేరున ఇంట్లో పూజ జరుగుతుంది" అంటున్నారు. అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. "ఎవరి మాట విన్నా ఇంకొకరికి ద్రోహం చేసినట్టే ఉంది. అసలు ఆ పెట్టెలో ఏది ప్రమాదమో, ఏది కాదో కూడా నాకు తెలీదు, నేను చదివింది బీకాం. ఒక సీసాలో ఏమీ లేదు, చీటీ మీద 'గుంటూరు, 18-8-1868' అని మాత్రం ఉంది. అందులో ఏదైనా విషవాయువు ఉందేమోనని ముట్టుకోవడానికే భయంగా ఉంది" అని రాశారు. సీసాల లిస్టు, ఫోన్‌తో తీసిన ఫొటోలు పంపారు.

చూడమ్మా, మీ ఉత్తరంలో తగవు గురించి నాలుగు పేజీలు ఉన్నాయి, పాదరసం గురించి అర పేజీ ఉంది. నేను ముందు ఆ అర పేజీకే జవాబు చెబుతాను. మీ అన్నయ్యతో తగవు రెండు నెలలు ఆగుతుంది, గచ్చు పగుళ్లలో ఉన్న పాదరసం ఆగదు.

పాదరసం మామూలు గది వేడికే నెమ్మదిగా ఆవిరి అవుతుంటుంది. ఆ ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మా చదువుకునే రోజుల్లో మేము కూడా ల్యాబ్‌లో అరచేతిలో పోసుకుని దొర్లించి ఆడినవాళ్లమే, ఒక్కరూ వద్దని చెప్పలేదు. లోహంగా ఉన్న పాదరసం ఒక చుక్క మింగినా చాలావరకు పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. అసలు ప్రమాదం పీల్చడంలో ఉంది: ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకీ మూత్రపిండాలకీ చేరుతుంది. పాప ఒక్కసారి గుప్పిట్లో పట్టుకున్నందుకు కొంప మునిగిపోదు, చేతులు సబ్బుతో కడిగి, ఆ రోజు వేసుకున్న గౌను విడిగా ఒక కవర్లో కట్టేయండి, మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు.

నాకు పాప కంటే మీ అమ్మగారి గురించే ఎక్కువ బెంగగా ఉంది. నెలల తరబడి రోజూ ఆ గదిలో కూర్చుంటున్నారు. మూత ఎప్పుడు పగిలిందో మీకు తెలియదు. "మాట్లాడటం లేదు, నిద్ర పట్టడం లేదంటోంది, ఊరికే చిరాకు పడుతోంది" అని మీరు రాశారు, అది భర్త పోయిన దుఃఖమే అయి ఉండొచ్చు, చాలావరకు అదే అయి ఉంటుంది. కానీ పాదరసం ఆవిరి చాలాకాలం పీల్చినవాళ్లలో కూడా సరిగ్గా ఇవే కనిపిస్తాయి: నిద్ర పట్టకపోవడం, చిరాకు, మనుషులకు దూరంగా ఉండటం, చేతివేళ్లు సన్నగా వణకడం. ఇద్దరినీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, "ఇంట్లో పాదరసం ఒలికింది, ఇన్నాళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నారు" అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే ఏ డాక్టరూ దాన్ని ఊహించలేడు. మూత్రపరీక్షలో పాదరసం ఎంతుందో తెలుస్తుంది.

ఇక గది. కిటికీలు బార్లా తెరిచి, ఇంట్లోకి వచ్చే తలుపు మాత్రం మూసేయండి. చీపురుతో ఊడవొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, నీళ్లు పోసి కడిగి తూములోకి పంపొద్దు. ఊడిస్తే ఒక పూస వంద పూసలవుతుంది, వాక్యూమ్ పెడితే ఉన్నదంతా ఆవిరి చేసి గదినిండా చల్లినట్టే. చేసేవాళ్లు ముందు గాజులు, ఉంగరాలు, గొలుసు తీసేయాలి, పాదరసం తగిలితే బంగారం తెల్లబడి పెళుసైపోతుంది. చీకట్లో టార్చిలైటు నేలకి ఆనించి పక్కగా వేస్తే పూసలు చుక్కల్లా మెరుస్తాయి. గట్టి అట్టముక్కతో వాటిని దగ్గరికి నెట్టి, సూది లేని సిరంజితో పీల్చి, మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి గట్టిగా మూత బిగించండి. అందని చిన్న పూసలు గట్టి టేపుకి అంటుకుని వస్తాయి. పగుళ్లలో మెత్తటి గంధకం పొడి చల్లండి. గంధకం పాదరసంతో నెమ్మదిగా కలిసి, ఆవిరి కాని నల్లటి పదార్థం అవుతుంది. పూర్తిగా కలవదు, పైపొర మాత్రమే కలుస్తుంది, అయినా చాలా మేలు. రెండు రోజుల తర్వాత ఆ పొడినీ తడి కాగితంతో ఎత్తి అదే డబ్బాలో వేయండి. ఆ తర్వాత గచ్చు పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. అమ్మగారు కూర్చునే చాప మీద పూసలు పడి ఉంటే చాప కూడా పోయినట్టే.

ఈ పని మీవారికి అప్పగించండి. ఆయన కాలువలో పారేస్తానన్నది మీ నాన్నగారంటే గౌరవం లేక కాదు, కూతురి అరచేతిలో పాదరసం చూసిన తండ్రి మాట అది. ఆయన భయం నిజమైనదే, దానికి ఆయన ఎంచుకున్న మందు మాత్రం తప్పు.

ఎందుకు తప్పో మీ లిస్టు చూస్తే అర్థమవుతుంది. మీరు రాసిన వరసలో పై అరలో "సోడియం, ఎన్‌ఏ, నాట్రియం" అని చీటీ ఉన్న సీసా, దాని పక్కన "పొటాషియం, కె, కాలియం" ఉన్నాయి, రెండూ కిరసనాయిల్లో మునిగి ఉన్నాయి. అన్నిటికంటే కింది అరలో "భాస్వరం" నీళ్లలో ఉంది. ఆయన ఒకదాన్ని పైన, ఇంకోదాన్ని అడుగున పెట్టడం ఊరికే చేసింది కాదు. సోడియానికి నీళ్లు తగలకూడదు, తగిలితే హైడ్రోజన్ బుస్సుమని వచ్చి ఆ వేడికే అంటుకుంటుంది. తెల్ల భాస్వరానికి గాలి తగలకూడదు, వేడి 30 డిగ్రీలు దాటితే చాలు, గాలి తగిలి దానంతటదే మండగలదు, అందుకే దాన్ని నీళ్లలో దాస్తారు. ఒకదాని కాపలా ఇంకోదానికి శత్రువు. పెట్టె మొత్తం కాలువలో వేస్తే సోడియం సీసా పగిలిన చోటే మంట లేస్తుంది. భాస్వరం మాత్రం బురదలో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు చేపలకోసం ఆ బురదలో దిగే పిల్లలు ఎవరో మీకు తెలుసు. పాదరసం బురదలో చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే విషంగా మారుస్తాయి, అది చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వస్తుంది. జపాన్‌లో మినమాట ఊరివాళ్లు 1950ల్లో పడిన నరకానికి కారణం చేపల్లో చేరిన ఆ మిథైల్ పాదరసమే.

మీరు పంపిన ఫొటోల్లో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది పొటాషియం సీసా. ముక్క మీద పసుపు రంగు పెచ్చు కట్టి ఉంది, కిరసనాయిలు సగానికి తగ్గింది. పాతబడిన పొటాషియం మీద అలా పసుపుగానో నారింజగానో పెచ్చు కడితే, దాన్ని గీకినా కోసినా, గట్టిగా కుదిపినా పేలగలదు. ఆ సీసా మూత తీయొద్దు, తుడవొద్దు, కిరసనాయిలు నింపుదామని కూడా ప్రయత్నించొద్దు, ఉన్న చోటే ఉంచి గదికి తాళం వేయండి. అమ్మగారి తడిగుడ్డ ఇంకొక్కరోజు కూడా ఆ అర దగ్గరికి వెళ్లకూడదు. ఒక బకెట్ నిండా పొడి ఇసుక తలుపు బయట పెట్టుకోండి. సోడియం గానీ పొటాషియం గానీ అంటుకుంటే నీళ్లు పోయకూడదు, ఇసుకే పోయాలి.

మిగతా వాటిలో అరిదళం, అంటే పసుపు రంగు రాయి, ఆర్సెనిక్ ఉన్నది. ఆర్సెనిక్ పేరు కూడా అక్కడిదే, పర్షియన్లు ఆ రాయి బంగారు రంగు చూసి పెట్టిన పేరు గ్రీకులోకి వెళ్లి అలా మారింది. అది విషం, ఇవ్వాల్సిన వాటిలో పెట్టండి. అయొడిన్ సీసా మూత చుట్టూ ఊదా మరక పడి, పక్కనున్న ఇత్తడి కొక్కెం కూడా తినేసిందని రాశారు, అదీ ఇచ్చేయండి. సీసం, అంటే లెడ్ అనే లోహం ముక్క ముట్టుకుంటే ఏమీ కాదు, కానీ చిన్నపిల్ల ఉన్న ఇంట్లో నోట్లో పెట్టుకునే వస్తువుగా అది ఉండకూడదు.

ఇవి కాక మీ లిస్టులో ఇంకో ఇరవై దాకా ఉన్నాయి: రాగి, తగరం, తుత్తునాగం, గంధకం, బొగ్గు, అల్యూమినియం, నికెల్, బిస్మత్, పాత బల్బులోని టంగ్‌స్టన్ తీగ, మంగంపేట ముగ్గురాయి, భీమిలి నల్ల ఇసుక. వీటిలో ఏదీ మీ ఇంటికి అపాయం కాదు. పొడులు పిల్ల చేతికి అందకుండా ఉంటే చాలు. మీ తగవంతా "పెట్టె ఉంచాలా, పారేయాలా" అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తోంది. పెట్టె ఒక్కటే అయినా లోపలున్నవి ఏడు మాత్రం పోవాలి, ఇరవై ఉండొచ్చు. ఈ మాట మీవారికీ మీ అన్నయ్యకీ ఇద్దరికీ ఒకే మెసేజ్‌లో పంపండి. వాళ్లిద్దరూ వేర్వేరు సీసాల గురించి మాట్లాడుతున్నారని నాకు అనిపిస్తోంది.

పోవాల్సిన ఏడింటికి దారులు ఏమిటో చెబుతాను.

ఒకటి, దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో సోడియం చిన్న ముక్క వేసి చేసే పరీక్ష ఉంటుంది కాబట్టి సోడియం వాళ్లకి పనికొస్తుంది, అయొడిన్ కూడా. పొటాషియాన్ని ఎలా చంపాలో అక్కడి సీనియర్లకి తెలిసి ఉంటుంది. మీ నాన్నగారి శిష్యులు ఎవరైనా అక్కడ ఉంటే ఇంకా మంచిది, ఆయన శిష్యులు జిల్లా అంతా ఉన్నారని మీరే రాశారు. కానీ మీరు సీసాలు మూటగట్టుకుని బస్సులోనో బండి మీదో పట్టుకెళ్లొద్దు, ఫొటోలు చూపించి వాళ్లనే ఇంటికి రమ్మనండి. ఇబ్బంది ఏమిటంటే వాళ్లు పాదరసం, భాస్వరం వద్దనవచ్చు, తీసుకున్నా ఏదో బీరువాలో పడేసి మరిచిపోవచ్చు. ఏమేం తీసుకున్నారో ఒక కాగితం మీద రాయించుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది.

రెండోది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం. ప్రమాదకర వ్యర్థాలు పంపే అధీకృత కేంద్రాలు ఏవో, అక్కడికి చేర్చడం ఎలాగో వాళ్లు చెప్పాలి. పద్ధతి ప్రకారం సరైన దారి ఇదే, కానీ ఇంట్లోని అయిదారు సీసాల కోసం వాళ్లు వెంటనే కదులుతారని ఆశపెట్టుకోవద్దు, ఫోన్లు చేయాలి, ఉత్తరం రాయాలి, తిరగాలి. నన్నడిగితే రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. పాదరసం, అరిదళం మండలి దారిలో, సోడియం, పొటాషియం, భాస్వరం కాలేజీవాళ్ల దారిలో. ఆ మూడింట్లో ఏదైనా పొగ వచ్చినా, వాసన వచ్చినా ఆలోచించకుండా 101కి ఫోన్ చేసి "లోపల సోడియం ఉంది, భాస్వరం ఉంది" అని ముందే చెప్పండి.

పాత సామాన్ల వాడికో, అడిగిన స్వర్ణకారుడికో పాదరసం అమ్మేస్తే ఓ రెండు రూపాయలు వస్తాయని ఎవరైనా అనవచ్చు. దాన్ని కొన్నవాళ్లు పొయ్యి మీద కాచి ఆవిరి చేస్తారు, ఆ ఆవిరి పీల్చేది వాళ్ల ఇంట్లో పిల్లలు. అది నాకు మనసొప్పని దారి.

బాబాయిగారి మాట కొట్టిపారేయడం కష్టమని తెలుసు, అన్నగారి మీద ప్రేమతోనే ఆయన అంటున్నారు. కానీ పాదరసాన్ని వెండితోనో తగరంతోనో కలిపి గట్టిచేసినా అందులోది పాదరసమే, ఆవిరి కొంచెంగా వస్తూనే ఉంటుంది, దాని మీద అభిషేకం చేసిన నీళ్లు మీ పాప తీర్థంగా తాగుతుంది. ఆయనకి ఈ ఒక్క మాట చెప్పండి, వింటారు. అన్నగారి పేరున ఏదైనా పూజలో ఉండాలనుకుంటే పెట్టెలో రాగి ఉంది కదా, దాన్ని కరిగించి చిన్న ఉద్ధరిణె చేయించమనండి.

మీ అన్నయ్య. "నేను వచ్చి తీసుకెళ్తా" అన్నది జరగని పని, ఆయనకి తెలియక అన్నారు. విమానంలో పాదరసం తీసుకెళ్లనివ్వరు. అది అల్యూమినియం మీద పడితే పైనున్న రక్షణ పొరని చెదరగొట్టి లోహాన్ని తినేస్తుంది, విమానాల్లో అల్యూమినియం చాలా ఉంటుంది. సోడియం, భాస్వరం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయనే అమెరికా నుంచి తెచ్చి నాన్నగారికిచ్చిన గాలియం కూడా అదే కారణంతో ఎక్కనివ్వరు. రెండు నెలలు ఆగితే ఏమవుతుందంటే ఎండలు ముదురుతాయి, కిరసనాయిలు ఇంకా తగ్గుతుంది, భాస్వరం సీసాలో నీళ్లు తగ్గుతాయి. ఆయన్ని తీసేసినట్టు కాకుండా, కాలేజీవాళ్లు వచ్చిన రోజు వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. ప్రతి సీసా బయటికి వెళ్లేముందు దాని చీటీ ఆయన చదవనివ్వండి. ఆయనకి కావాల్సింది ఆ లోహాలు కావు, వెళ్లిపోతున్నప్పుడు నాన్న దగ్గర లేననే బాధ అది, ఫోన్‌లో గట్టిగా మాట్లాడినవాళ్లు చాలామంది ఆ బాధతోనే మాట్లాడతారు.

ఆ గాలియం మాత్రం ఇంట్లో ఉంచుకోండి, పెద్ద ప్రమాదం లేదు, అల్యూమినియం గిన్నెల దగ్గర పెట్టకుండా ఉంటే చాలు. 29.8 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మన ఊళ్లలో ఏడాదిలో సగం రోజులు నీళ్లలాగే ఉంటుంది. దాని చీటీ మీద నాన్నగారు "ఏక-అల్యూమినియం" అని రాశారు, అదేమిటని మీరు అడిగారు. రష్యాలో మెండలీవ్ 1871లో తన మూలకాల పట్టికలో ఖాళీలు వదిలి, అక్కడ ఉండాల్సిన మూలకాలకి పేర్లు పెట్టేటప్పుడు మన సంస్కృతం అంకె "ఏక" వాడుకున్నాడు: అల్యూమినియం కింద ఒక గడి దాటి వచ్చేది ఏక-అల్యూమినియం. నాలుగేళ్లకి, 1875లో, ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టి తన దేశపు పాతపేరు గాలియా మీద గాలియం అన్నాడు. కొడుకు తెచ్చిన బహుమతి మీద ఏ పేరు రాయాలో ఆలోచించి ఆయన ఆ పేరు రాసినట్టుంది. మీ అన్నయ్యకి ఈ చీటీ ఫొటో పంపండి, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు అమ్మగారు. ఆవిడ దగ్గర నుంచి ఏడు సీసాలు తీసుకెళ్తే ఏడు ఖాళీ అరలు మిగులుతాయి, రోజూ పొద్దున్నే ఆ ఖాళీలు ఆవిడ చూడాలి. దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను, మీ నాన్నగారి పెట్టెలోనే జవాబు దొరికింది. మీరు పంపిన నాలుగో ఫొటోలో ఆమ్లజని అర ఉంది. ఆక్సిజన్ వాయువు, దాన్ని మామూలు సీసాలో చూపించలేరు, ఆయన ఏం పెట్టారో చూశారా? తుప్పు పట్టిన మేకు. ఇనుముని పట్టుకున్న ఆక్సిజనే తుప్పు. చీటీ మీద, "ఆమ్లజని. పేరు తప్పు, అయినా వాడుతున్నాం" అని రాశారు. అది నిజం, ఆమ్లాలన్నిటికీ ఇదే కారణమని లవాయిజియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అనుకుని గ్రీకులో "ఆమ్లాన్ని పుట్టించేది" అనే అర్థంతో పేరు పెట్టాడు, మనవాళ్లు దాన్నే తెలుగు చేశారు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని తర్వాత తేలింది. పాఠంలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ, ఆయన ఒక చీటీలో పట్టించారు.

అంటే లోహమే ఉండాలి, అసలు మూలకమే ఉండాలి అని ఆయన పట్టుబట్టలేదు. మీరు అదే దారిలో వెళ్లొచ్చు. సోడియం అరలో గల్లుప్పు రెండు రాళ్లు పెట్టండి, ఉప్పులో ఉన్నది అదే సోడియం, క్లోరిన్‌తో ముడిపడి బుద్ధిగా ఉంటుంది. పొటాషియం అరలో మీ పెరట్లో అరటిబోదె ఎండబెట్టి కాల్చిన బూడిద. కాలియం అన్న పేరు అరబ్బీలో మొక్కల బూడిదకున్న పేరు నుంచే వచ్చింది, పొటాష్ అంటే కుండలో కాచిన బూడిదే, లండన్‌లో డేవీ అనే శాస్త్రవేత్త 1807లో విద్యుత్తు పెట్టి పొటాషియాన్ని విడదీసింది కూడా ఆ పొటాష్‌లోంచే. భాస్వరం అరలో అగ్గిపెట్టె పక్కపట్టీ ఒక ముక్క, దాని మీద ఉన్నది ఎర్ర భాస్వరం, అది గాలికి అంటుకోదు. హాంబర్గ్‌లో బ్రాండ్ అనే ఆయన 1669లో మనుషుల మూత్రం కాచి కాచి చీకట్లో వెలిగే ఈ పదార్థాన్ని తీశాడు, "వెలుగు తెచ్చేది" అని పేరు, భాస్వరం అన్న మాటకి కూడా వెలిగేది అనే అర్థం. అయొడిన్‌కి వంటింట్లో అయొడైజ్డ్ ఉప్పు ఉంది. సీసం (లెడ్) అరకీ, అరిదళం అరకీ చీటీలు చాలు.

ఈ పని మీరు చేసి చూపించొద్దు, అమ్మగారి చేత చేయించండి. ఏ అరలో ఏం పెట్టాలో ఆవిడని అడగండి. ముప్పై ఏళ్లు ఆయన పక్కన ఉండి విన్నావిడ, మీరూ నేనూ అనుకునేకంటే ఆవిడకి ఎక్కువ తెలిసి ఉండవచ్చు. ఒప్పుకోకపోవచ్చు కూడా. "ఆయన పెట్టినవి నువ్వెవరు తీయడానికి" అని మీ మీద అరవొచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. అప్పుడు కూడా పోవాల్సిన ఆ ఏడింటి విషయంలో మీరు వెనక్కి తగ్గకూడదు, మిగతా ఇరవై విషయంలో ఆవిడ ఏం చెబితే అది. పెట్టె మాత్రం ఆ గదిలోంచి కిందికి, ఆవిడ మంచం పక్కకి మార్చండి, చెక్క పగుళ్లలో పాదరసం పూసలు లేవని టార్చితో చూసుకున్నాకే.

పాదరసం చీటీ గురించి ఒక్క మాట. "పాదరసం, హెచ్‌జీ, నీటివెండి" అని ఉంది. గ్రీకు నుంచి వచ్చిన హైడ్రార్జిరం అన్న మాటకి అంతకంటే మంచి తెలుగు నేను వినలేదు. ఆ చీటీ సీసాకే అంటుకుని ఉంది, విడదీయాలని చూడొద్దు, ఫొటో తీసుకుని సీసాతో పాటే పంపేయండి. అరలోకి కొత్త చీటీ అమ్మగారి చేత రాయించండి. దానికి బదులుగా పెట్టడానికి ఏమీ లేదు, ఆ అర ఖాళీగానే ఉండనివ్వండి.

చివరగా మీరు భయపడిన ఖాళీ సీసా. అందులో విషం లేదమ్మా. మూత తీసి చూడండి, పాపకి కూడా ఇవ్వొచ్చు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది, ఆ నీడ గుంటూరు మీదుగా వెళ్లింది. దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అంత దూరం నుంచి గుంటూరు వచ్చి, చంద్రుడు సూర్యుణ్ని కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని పరికరంలో రంగుల గీతలుగా విడగొట్టి చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండా కూడా వీటిని చూడొచ్చని ఆయనకి అక్కడే తట్టింది, మర్నాడు చూశాడు కూడా. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా విడిగా ఆ గీతలు చూశాడు. వాటిలో ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదు. సూర్యుడిలోనే ఉందనుకుని గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు మీద హీలియం అన్నారు. భూమి మీద అది రామ్సే అనే శాస్త్రవేత్తకి దొరకడానికి 1895 దాకా పట్టింది.

హీలియానికి కూడా రంగూ వాసనా లేవు, మామూలు మూతల్లోంచి జారిపోయే వాయువు, దాన్ని ఆ సీసాలో ఎవరూ నిలపలేరు. అది తెలిసే ఆయన ఖాళీ సీసాకి మూత పెట్టి, ఊరి పేరూ తారీఖూ రాశారు. మీ నాన్నగారిది గుంటూరేనా అని నేను అడగబోయి, ఉత్తరంలో మళ్లీ వెతికాను, మీరు రాయలేదు. అమ్మగారిని అడగండి. ఆ సీసా గురించి ఆవిడ చెప్పేది ఏదో ఉండి ఉంటుంది.